మూడో అంతస్తు దగ్గు

“నేరస్థులు రెండు రకాలు. నాకు చిక్కినవాళ్లు, నాకింకా చిక్కనివాళ్లు.”

ఈ మాట అన్నది మా సందు మొదట్లో జిరాక్స్ షాపు నడిపే నా మిత్రుడు. అప్పుడతను నా గదిలో, నా కుర్చీలో కూర్చుని నా టీ తాగుతున్నాడు. మొదటి రకంలో ఇంతవరకు ఒక్కరూ లేరని నేను గుర్తు చేయలేదు. చేస్తే, అది నేరస్థుల పిరికితనానికి నిదర్శనమంటాడు. జేబులో ఎప్పుడూ భూతద్దం పెట్టుకు తిరుగుతాడు కనుక సందంతా అతన్ని భూతద్దం అనే పిలుస్తుంది. అతను దాన్ని బిరుదనుకుంటాడు. కాపీకి వచ్చిన కాగితాలన్నీ పూర్తిగా చదివిగాని తిరిగివ్వడు. ఎవరి నెత్తుట్లో ఎంత చక్కెర ఉందో, ఎవరి అద్దె ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో అతనికి తెలుసు. తన గూఢచారి వ్యవస్థ అదేనంటాడు.

మా సందు నగరం నడిబొడ్డున ఉంది. రెండు వరుసల మేడలు ఒకదాని మొహంలోకి ఒకటి చూస్తూ నిలబడి ఉంటాయి. కింద వెల్డింగు, పక్కన టైలరు మిషను, ఎదురింటి రేడియో, పై వాటాలో టీచరమ్మ చెప్పే ఎక్కాలు, అన్నీ గోడల్ని లెక్కచేయకుండా వచ్చిపోతుంటాయి. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటూ నిరుటి మాటొకటి మరిచిపోతే కింది వాటావాళ్లు అందిస్తారు. ఇళ్లు అద్దెకిప్పించే బ్రోకరు దీన్ని సందడిగా ఉండే ఏరియా అని చెప్పి అద్దె పెంచుతాడు. ఆ సందడి కోసమే వచ్చినవాళ్లు ముందు కిటికీ అద్దాలు బిగించుకుంటారు.

నేను చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. శబ్దం చొరబడని గదిలో మనిషిని కూర్చోబెడితే కాసేపటికి బెదిరిపోతాడు. బయటి చప్పుడు ఆగగానే లోపలిది మొదలవుతుంది. మా సందులో ఆ ప్రమాదం ఎవరికీ లేదు. ఇక్కడివాళ్లు తమ లోపల ఏముందో తెలియకుండానే ముసలివాళ్లయిపోతారు.

ఇన్ని చప్పుళ్లలోనూ పెద్దరికం మూడో అంతస్తు పెద్దాయన దగ్గుది. తెల్లవారుతూనే రెండు పొడి దగ్గులు, ఆపైన ఒక గొంతు సవరింత. దాన్నిబట్టే నీళ్ల మోటారు వేసేవాళ్లు, పిల్లల్ని లేపేవాళ్లు. మోకాళ్ల నొప్పులతో ఆయన కిందికి దిగడు కనుక మాలో చాలామందికి ఆయనంటే ఆ దగ్గే. ప్రతి ఇంటి నుంచీ ఆయనకో కషాయం వెళ్లింది. కషాయం పట్టుకుని గడప దాటి లోపలికి వెళ్లినవాళ్లు లేరు.

ఒకనాడు ఆ దగ్గు వినపడలేదు. మర్నాడూ లేదు. చాలా ఇళ్లల్లో ఆలస్యంగా లేచారు. ఆ చిరాకులోనే మొదట ఆయన గుర్తొచ్చాడు.

“ఇది మామూలు కేసు కాదురా. దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉంది” అన్నాడు భూతద్దం. కనబడే హస్తం మటుకు నా బిస్కెట్ల డబ్బాలో ఉంది.

“ఆయనకి తగ్గిపోయి ఉండొచ్చుగా” అన్నాను.

“అన్నేళ్ల దగ్గు తగ్గదు. తగ్గించబడుతుంది.”

తర్వాత ఆధారాలు వినిపించాడు. దగ్గు ఆగడానికి ముందురోజు ఆ వాటాలో సుత్తి చప్పుడు వినబడింది: అంటే మనిషి పట్టేంత పెట్టె చేశారు. ఆ సాయంత్రం మెట్ల మీద వార్నిషు కంపు కొట్టింది: అంటే మరేదో వాసనని కప్పిపుచ్చారు. పెద్దాయన కోడలు దగ్గు మందు కొనడం మానేసిందని మందుల షాపతను చెప్పాడు: అంటే ఇక ఆ అవసరం లేదు. ఆయన తినేది ఎవరి చేతి వంట? కోడలిది. ఆవిడ వృత్తి ఏమిటి? వంట. భూతద్దం కళ్లు మూసుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ చప్పరిస్తూ “విషం” అన్నాడు.

ఆ కోడలు సందులోని షాపులన్నిటికీ మధ్యాహ్నం క్యారియర్లు పంపుతుంది. ఆవిడ భర్త పనిచేసే వర్క్‌షాపు మూతపడ్డాక ఆ ఇల్లు నడిచేది ఆ క్యారియర్ల మీదే. అందుచేత ఈ మాట నీ నోట్లోనే ఉంచుకోమని అతన్ని బతిమాలాను. భూతద్దం ఒట్టు పెట్టి, కిందికి దిగి, టైలరుకు ఒక్కడికే, అదీ చెవిలో, చెప్పాడు. టైలరు కొలతలకొచ్చిన వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు క్యారియర్లు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి. ఎవరూ కారణం చెప్పలేదు. టైలరు తనకు కడుపులో బాగా లేదన్నాడు. వెల్డింగతను ఉపవాసమన్నాడు. ఎందుకు ఉపవాసమో అతనికే స్ఫురించక, ఒంటికి మంచిదని చేర్చాడు. పక్కవాడి కూరలో ఏం పడిందో వాసన చూసి చెప్పగలిగే జనం, ఆ మనిషి గురించి తామేమనుకుంటున్నారో ఆ మనిషికి మాత్రం చెప్పలేకపోయారు. జాలిపడ్డామనే అనుకుని ఉంటారు. వినోదం కూడా అచ్చం అలాగే ఉంటుంది.

నేను మెట్లెక్కుతుంటే ఆవిడ ఎదురైంది. రెండు చేతులా క్యారియర్లు. బరువుకు వేళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఉప్పెక్కువైందా అన్నయ్యా?” అని అడిగింది.

లేదన్నాను. మరేంటన్నది. నేను ఏదో గొణిగాను.

“ఇంకో వారం ఇట్లాగే ఐతే పొయ్యి ఆర్పెయ్యాల్సిందే. మామయ్యకి చెప్పలేదు. తిండి మానేస్తాడు” అని పైకి వెళ్లిపోయింది.

నాకు చాలా అరుదుగా కోపం వస్తుంది. వచ్చినా ఎవరిమీదో తేల్చుకునేలోగా పోతుంది. ఈసారి పోలేదు. నేరుగా షాపుకు వెళ్లి, ఇప్పుడే ఆ ఇంటికెళ్లి పెద్దాయన్ని కళ్లారా చూడమనీ, లేకపోతే నీ భూతద్దం కాలవలో పారేస్తాననీ చెప్పాను. అతను నా ఉత్సాహాన్ని మెచ్చుకున్నాడు. మారువేషం వేసుకుంటే తప్ప శత్రువు కోటలో అడుగుపెట్టకూడదన్నాడు. ఖాకీ చొక్కా తొడిగి, అట్ట మీసం అతికించుకుని, నీళ్ల మీటరు చూసే ఉద్యోగి అయ్యాడు.

సందులోకి రాగానే టైలరు తలెత్తి, “ఏం భూతద్దం, మీసం ఎడంవైపు ఊడింది చూసుకో” అన్నాడు.

“నేను నీళ్ల మీటరు మనిషిని” అన్నాడు భూతద్దం గొంతు మార్చి.

“సరేలే. మా మీటరు కూడా చూసిపో. ఏడాదైంది తిరక్క.”

ముందు భూతద్దం, వెనక నేను, నా వెనక టైలరు, వెల్డింగతను, టీచరమ్మ, ఆవిడ దగ్గర ఎక్కాలు నేర్చుకునే పిల్లలు. మూడో అంతస్తు చేరేసరికి మెట్ల నిండా జనం. అందరూ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

కోడలు వాకిట్లోకొచ్చి మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. మీసం వంక చూసి, “రండి అన్నయ్యగారూ” అంది.

భూతద్దం నడుం వంచి, అద్దం నేలకానించి, ముక్కు అద్దానికానించి ముందుగదిలో పాకినట్టుగా నడవసాగాడు. నెత్తుటి చుక్కల కోసమన్నమాట. విషం కేసులో నెత్తురెందుకుంటుందని నేను అడగలేదు. పచ్చగా ఏదో దొరికింది. “పసరు” అన్నాడు. “చిక్కుడు తొక్క” అంది కోడలు. ఆ ఉద్వేగంలో అతను వేగం పెంచాడు. తలెత్తి చూసి ఉంటే ఎదురుగా ఉన్నదేమిటో కనబడేది. తలెత్తలేదు.

దభీమనే చప్పుడుతో అతని నుదురు ఒక కొత్త చెక్క తలుపును తాకింది. గొళ్లెం పెట్టలేదేమో, తలుపు తెరుచుకుని, భూతద్దం వెనకగదిలో బోర్లా పడ్డాడు. అక్కడ కిటికీ పక్కన, స్టూలు మీద కాళ్లు బారజాపుకుని, ఎర్రగా బుర్రగా ఒక పెద్దాయన జామకాయ కొరుకుతున్నాడు.

“తలుపు కొట్టి రావాలని తెలీదుటయ్యా?” అన్నాడాయన.

“కొట్టానండీ” అన్నాడు భూతద్దం నేలమీంచి, నుదురు రుద్దుకుంటూ.

గుమ్మంలో మూగిన జనం ఒకరిమీదొకరు పడి చూశారు. చచ్చిపోయిన మనిషి ఇంత నిబ్బరంగా జామకాయ నమలడం ఎవరికీ రుచించలేదు. చివరికి టీచరమ్మ ముక్కుమీది కొంగు తీసి, దగ్గేమైందని అడిగింది, ఏదో అప్పిచ్చిన వస్తువును అడిగినట్టు.

“నాకు దగ్గెప్పుడుందమ్మా. గదికి తలుపు లేదంతే” అన్నాడు పెద్దాయన.

తర్వాత నింపాదిగా చెప్పాడు. ముందుగది కొడుకూ కోడలిది, వెనకగది ఆయనది. మధ్యన ఉత్త గుమ్మం, దానికి వేలాడేసిన పాత చీర. బాత్‌రూము ముందుగదికి అవతల. కొత్తగా పెళ్లయిన పిల్లలున్న గదిలోంచి చెప్పాపెట్టకుండా ఎట్లా నడవడం? పేరు పెట్టి పిలిస్తే సందంతా పలుకుతుంది. అందుకని దగ్గేవాడు. పెళ్లి పాతబడ్డా అలవాటు పాతబడలేదు. కోడలు కూడా నిజం దగ్గే అనుకుని మందు కొంటుండేది. ఈమధ్యే సంగతి తెలిసి, క్యారియర్ల సంపాదనతో వడ్రంగిని పిలిపించి తలుపు పెట్టించి, వార్నిషు వేయించింది. ఇప్పుడు లోపలినుంచి వేలితో రెండుసార్లు తడితే చాలు. గొంతుకు ఎంతో సుఖంగా ఉందన్నాడు.

“మరి నా కషాయాలు?” అంది టీచరమ్మ.

“అన్నీ తాగాను తల్లీ. మీరు చిన్నబుచ్చుకుంటారని. మీదే మరీ చేదు.”

భూతద్దం లేచి నిలబడి చొక్కా దులుపుకున్నాడు. మీసం తలుపుకు అతుక్కుని ఉండిపోయింది. “ఈ ఇంట్లో హత్య జరగలేదని నేను రుజువు చేశాను. కేసు ముగిసింది” అని ప్రకటించాడు.

“జరిగిందన్నదెవడు?” అన్నాడు టైలరు.

“అది పరిశోధనలో మొదటి దశ.”

హత్య అన్న మాట కోడలు చెవిన పడటం అప్పుడే. ఆవిడ ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. కడుపులో బాగాలేని టైలరు, ఉపవాసమున్న వెల్డింగతను, ఏమీ చెప్పని నేను. వంటగది గట్టుమీద ఆ మధ్యాహ్నపు క్యారియర్లు మూత తీయకుండా ఉన్నాయి. చూపు వాటిమీదికి పోయాక ఆవిడకు అంతా అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాం. ఏడిస్తే మాకు తేలికగా ఉండేది, ఓదార్చి ఎవరిళ్లకు వాళ్లం పోయేవాళ్లం.

“అన్నయ్యగారూ, రేపట్నుంచి మధ్యాహ్నం మీ భోజనం నాది” అంది భూతద్దంతో, చాలా మర్యాదగా. “కింద టైలరుగారి షాపు ముందు, నడివీధిలో కుర్చీ వేస్తాను. అందరికంటే ముందు మీరు తినాలి. మీకేమీ కాకపోతే తక్కినవాళ్లు మూతలు తీస్తారు.”

భూతద్దం ఛాతీ ఉబ్బింది. నేరపరిశోధకుడికి ఇంతటి పౌరసన్మానం తను ఎక్కడా వినలేదని దారి పొడుగునా నాతో చెబుతూ దిగాడు.

మర్నాటి నుంచి అది మొదలైంది, ఇప్పటికీ సాగుతోంది. మధ్యాహ్నం కాగానే కుర్చీ పడుతుంది. భూతద్దం చేతులు కడుక్కుని, ముద్ద కలిపి, దాన్ని అద్దంలోంచి పరీక్షించి, నోట్లో పెట్టుకుంటాడు. షాపుల ముందు క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని జనం చూస్తుంటారు. ఆవిడ వంటలో ఏ దోషమూ లేదని ఇప్పుడు పసిపిల్లలకూ తెలుసు. అయినా ఎవరూ ముందుగా మూత తీయరు. సెలవు దొరికిన రోజు నేనూ వెళ్లి నిలబడతాను, ఎందుకో ఆలోచించను.

ఒకరోజు సగం భోజనంలో అతను ముద్ద నోట్లో ఉండగానే కళ్లు మూసుకున్నాడు. తల మెల్లగా వెనక్కి వాలింది. టైలరు మిషను ఆగింది. వెల్డింగు ఆగింది. ఎవరో రేడియో కట్టేశారు. ఎవరూ అతని దగ్గరికి వెళ్లలేదు, మెడలు మాత్రం సాగాయి.

అతను కళ్లు తెరిచి, “అమ్మా, వంకాయ ఇంకొంచెం ఉందా?” అన్నాడు.

“ఉందండీ” అంది కోడలు మూడో అంతస్తు కిటికీలోంచి. “ఎట్లా ఉన్నారో అది ముందు గట్టిగా చెప్పండి. వీళ్లకి వినపడాలి.”

“బాగున్నాను” అన్నాడు భూతద్దం.

సందు పొడుగునా మూతలు తీసిన చప్పుడైంది. కొన్ని కాస్త ఆలస్యంగా, విసురుగా తీశారు.