బొంగురు గొంతు తగాదా

ఆ ఆదివారం మీటరుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి కాఫీ, పదింటికి సంఘం గదిలో కొత్త రికార్డు, ఒంటిగంటకు భోజనం, ఆ తర్వాత నిద్ర. రేడియోలూ రికార్డు ప్లేయర్లూ బాగుచేసే ఆయనకు అసలు పేరంటూ ఒకటుంది గానీ, చొక్కా జేబులో ఎప్పుడూ కరెంటు కొలిచే చిన్న మీటరు వేలాడుతుండటంతో జనం ఆ పేరు మరిచిపోయారు. ఆయన కొట్టు మీది గదిలోనే 'నిప్పుకోళ్ళు' అనే రాక్ బ్యాండు అభిమానుల సంఘం నడుస్తోంది. దానికి అధ్యక్షుడూ ఆయనే.

నిప్పుకోళ్ళు వాయించడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. గాయకుడికి అరవై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళ విరామం తర్వాత వాళ్ళు ఒక రికార్డు చేశారు. అది దుకాణాల్లోకి రావడానికి ఇంకా మూడు వారాలుంది. పాత సంఘం కదా అన్న గౌరవంతో వీళ్ళకు మాత్రం ఒక్క ప్రతి ముందుగా పంపారు.

సంఘానికి ఒక నియమం ఉంది. కొత్త రికార్డుకు ముందు నెల రోజులు ఎవరూ పాత పాటలు వినకూడదు. చెవులకు ఉపవాసం అన్నమాట. కొత్తదాన్ని అందరూ కలిసి, మీటరుగారు స్వయంగా తయారుచేసిన ప్లేయరు మీదే వినాలి. పెళ్ళిళ్ళకు ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ఆ రోజు తొమ్మిదిన్నరకే కుర్చీలు పట్టుకున్నారు.

సూది దిగింది. పాట మొదలైంది. ఒకప్పుడు పిడుగులా పడే గొంతు బొంగురుగా, బరువుగా, మెట్లు దిగే పెద్దమనిషిలా నిదానంగా వచ్చింది.

పాట అయ్యాక ముప్ఫై మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందుగా నోరు విప్పింది మీటరుగారి బావమరిది. ఆయన పళ్ళ డాక్టరు. నోటికి సంబంధించిన సమస్త విషయాల మీదా తనకే హక్కుందని నమ్మే మనిషి.

"గొంతు పోయింది బావా. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు. కావాలంటే రాసిస్తాను."

"పోవడమేమిటి? పండింది!" అంది రిటైరైన జాగ్రఫీ టీచరమ్మ. "నది కొండ మీద గోల చేస్తుంది, మైదానంలోకొచ్చాక నెమ్మదిస్తుంది. ఎనిమిదో క్లాసులోనే చెప్పాను నీకు. విన్నావు కాదు."

"నది సంగతి కాదండీ, నేను దవడ సంగతి మాట్లాడుతున్నా."

"మరి డ్రమ్ములూ నీరసంగానే ఉన్నాయిగా. వాటికీ పళ్ళు కట్టించారా?"

అంతే. కుర్చీలు రెండు వైపులకు జరిగాయి. 'పోయింది' వర్గం కిటికీ పక్కన, 'పండింది' వర్గం గోడ పక్కన. తీర్పు చెప్పాల్సిన అధ్యక్షుడు మధ్యలో ఇరుక్కున్నాడు. నిజానికి మీటరుగారికి ఆ గొంతు ఎంతో నచ్చింది. ఆ మాటే చెప్పి ఊరుకుంటే కథ అక్కడే ముగిసేది. కానీ ఆయన కలం పట్టారు.

మంగళవారం పత్రికలో ఆయన వ్యాసం మూడు కాలమ్‌లలో వచ్చింది. 'ఈ గొంతులో అరుపు లేదు, అనుభవం ఉంది' అని మొదలై, 'చెవి ఉన్నవాడికే ఇది వినిపిస్తుంది' అని ముగిసింది. చదివి దారినపోయేవాళ్ళు కూడా ఆగి నమస్కారం పెట్టారు. బావమరిదికి ఒళ్ళు మండిపోయింది. తన దగ్గరకు వచ్చిన రోగులను, నోట్లో పనిముట్లు ఉండగానే, "గొంతు పోయిందంటారా?" అని అడిగాడు. వాళ్ళు "ఆ" అన్నారు. ఆ లెక్కన రెండు రోజుల్లో నూట పన్నెండు సంతకాలు పోగై పత్రికకు వెళ్ళాయి. టీచరమ్మ ఊరుకుంటుందా? తన చేత దెబ్బలు తిన్న పాత విద్యార్థులందరికీ కబురు పెట్టింది. ఆవిడ మాట కాదనే ధైర్యం వాళ్ళకు ఇప్పటికీ లేదు. చివరికి, ఆ రికార్డును కంటితోనైనా చూడని పక్క ఊళ్ళ సంఘాలు కూడా రెండుగా చీలిపోయాయి.

గురువారం టెలిగ్రాం వచ్చింది. పంపింది సాక్షాత్తూ గాయకుడే. 'వ్యాసం రాసినాయన్ని స్వయంగా చూడాలి. ఆదివారం వస్తున్నాను.'

"చూడాలంటే? దులపడానికా?" అని మీటరుగారు దాన్ని ఆరుసార్లు చదివారు. సరిగ్గా అప్పుడే వాళ్ళావిడ వచ్చింది.

"ఏమండీ, నా కుట్టు మిషను బెల్టేదీ? కర్టెన్లు కుడదామంటే నెల నుంచీ కనబడదు."

మీటరుగారికి అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట ప్లేయరు బెల్టు తెగింది. సరైన బెల్టు దొరికేదాకా అని చేతికందిన కుట్టు మిషను బెల్టు వేశారు. చెవుల ఉపవాసం కదా, ఆ నెలంతా ఒక్క పాటా పెట్టలేదు. ఆ సంగతి మరిచేపోయారు. ఇప్పుడు పరుగున పైకి వెళ్ళి, తిరిగే పళ్ళెం మీద సుద్దతో గుర్తు పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టారు. నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు తిరగాలి. ముప్ఫై ఒకటే తిరిగింది. మళ్ళీ లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటే.

వెనకే వచ్చిన ఇల్లాలు నేల మీద చతికిలబడ్డ మొగుణ్ణి చూసి కంగారుపడి, సంగతి రాబట్టింది.

"అయితే మా తమ్ముడు పోయిందన్నదీ, టీచరమ్మ పండిందన్నదీ..."

"రెండూ నీ బెల్టేనే!"

"ఇప్పుడే అందరికీ చెప్పేయండి మరి."

"ఏమని చెప్పను? 'చెవి ఉన్నవాడికే' అని పత్రికలో రాసుకున్నాక? సొంత మెషీను నిదానంగా తిరిగితే తెలుసుకోలేనివాడి దగ్గరకు రేపు రేడియో ఎవడు తెస్తాడే? ముప్ఫై ఏళ్ళ పేరు!"

బెల్టు మారిస్తే గొంతు మారి ఊరికి తెలిసిపోతుంది. మార్చకపోతే పాడినవాడే పట్టుకుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి శనివారం సరైన బెల్టు సంపాదించారు. తెల్లవారగానే మార్చేసి, అందరి ముందూ ఒప్పేసుకోవాలని నిశ్చయించుకున్నారు.

తీరా ఆదివారం ఏడింటికి వెళితే గది అప్పటికే కిటకిటలాడుతోంది. ప్లేయరు చుట్టూ జనం, ప్లేయరు బల్ల కింద కూడా జనం. మెడకు మఫ్లరు చుట్టుకుని గాయకుడు రానే వచ్చాడు. మీటరుగారు "ఒక్క మాట" అనేలోపే బావమరిది సూది దించేశాడు.

గాయకుడు కళ్ళు మూసుకున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఆ వ్యాసం రాసిందెవరు?" అన్నాడు గాయకుడు కళ్ళు తెరిచి.

రెండు వర్గాల వేళ్ళూ ఒకే మనిషి వైపు తిరిగాయి. వారం రోజుల్లో అందరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడే. మీటరుగారు లేచి జేబులోంచి కొత్త బెల్టు తీసి చూపించారు.

"అయ్యా, క్షమించండి. మీరిప్పుడు విన్న గొంతు మీది కాదు. పొరపాటున మా ఆవిడ కుట్టు మిషను బెల్టు వేశాను. మెషీను నిదానంగా తిరుగుతోంది. తప్పు నాది. ఇంకెవరినీ ఏమీ అనకండి."

గదంతా గోలగోలైంది. "అయితే నా నూట పన్నెండు సంతకాలూ బూడిదలో పోసిన పన్నీరేనా బావా?" అని డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు.

"ఆగండాగండి," అన్నాడు గాయకుడు. "ఇది నా గొంతే. స్టూడియోలో నేను ఇలాగే పాడాను. ముసలితనం బయటపడకూడదని వాళ్ళు నాతో చెప్పకుండా వేగం పెంచి రికార్డు చేశారు. ఆ పెంచిన వేగాన్ని మీ బెల్టు సరిగ్గా తగ్గించేసింది. విని సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరితో చెప్పుకోను? ఇంతలో ఎవరో మీ వ్యాసం పంపారు. రికార్డులో లేని నా గొంతు ఈయనకెలా వినబడిందో కనుక్కుందామని వచ్చాను."

మీటరుగారికి కళ్ళు చెమర్చాయి. మొన్న ఆ గొంతు ఎందుకంత నచ్చిందో ఇప్పుడు తెలిసింది. టీచరమ్మ మాత్రం పట్టు వదల్లేదు.

"అదంతా సరే నాయనా. ఇంతకీ నీ గొంతు పోయినట్టా, పండినట్టా?"

"పోయిందమ్మా," అన్నాడాయన నవ్వుతూ. "పోగా మిగిలింది పాడాను."

తామే గెలిచామని రెండు వర్గాలూ చప్పట్లు కొట్టాయి.

ఈ వైనమంతా మర్నాడు పత్రికలో వచ్చింది. మీటరుగారు, ఇక కొట్టు మూసుకోవడమే అనుకుంటూ వెళ్ళేసరికి తలుపు ముందు పెద్ద వరస. అందరి చంకల్లోనూ రికార్డు ప్లేయర్లే. "ఏమైందండీ దీనికి?" అని మొదటాయన్ని అడిగారు.

"దీనికేం కాలేదండీ, భేషుగ్గా తిరుగుతోంది. ఆ రికార్డు దుకాణాల్లోకి వచ్చేలోగా మీదానిలా కాస్త చెడగొట్టి పెడతారేమోనని తెచ్చాను."

ముప్ఫై ఏళ్ళుగా బాగుచేయడమే తెలిసిన మీటరుగారు, సరిగ్గా చెడగొట్టడానికి రెట్టింపు సమయం పడుతుందని ఆ వారమే తెలుసుకున్నారు.