ఐదు నిమిషాలకో అల

ఆ ఉదయం ఆమె అనుకున్నది చాలా చిన్న పని. ఎనిమిదింటికల్లా రేడియో కేంద్రానికి చేరుకోవాలి, మధ్యాహ్నం ఒంటిగంట దాకా కుర్చీలోంచి కదలకూడదు.

ఎక్కడో దూరాన తిరుగుతున్న వ్యోమనౌక ఒకటి ఆ పూట సూర్యుడి చాటుకు వెళ్తోంది. అది పంపే రేడియో సంకేతం సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయువుల పొరను, అంటే కరోనాను, దాటుకుని భూమికి రావాలి. దారిలో అయస్కాంత తరంగం తగిలితే సంకేతం కంపించే దిశ కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తిరుగుడు కోసమే ఆమె రెండేళ్లుగా కాచుకుని కూర్చుంది. ఒంటిగంట దాటితే మళ్లీ రెండేళ్లే.

తొమ్మిదిన్నరకు తెరమీద గీత ఊగింది. ఐదు నిమిషాలకు మళ్లీ ఊగింది. "అదే సార్, తరంగం!" అందామె.

పక్కనున్న ఇంజనీరు కళ్లజోడు సవరించుకుని ఆ సంబరంమీద నీళ్లు చల్లేశాడు. "తొందరపడకమ్మా. మన ఏసీ కూడా ఐదు నిమిషాలకోసారి ఆగి, మళ్లీ మొదలవుతుంది."

"అయితే కాసేపు ఆపి చూద్దాం సార్."

"ఏసీ ఒక్కటేనా? ఫ్రిజ్జు, లిఫ్టు, నీళ్ల మోటారు... అన్నీ ఆపితేగాని తేలదు. అర్జీ పెట్టుకో. సంతకాలయ్యేసరికి మూడు వారాలు."

ఉస్సూరుమంటూ ఆమె వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేసింది. మనసు బాగోకపోతే అక్కకు చెప్పుకోవడం చిన్నప్పటి అలవాటు. "అవునక్కా, కరోనాలోనే. ఐదు నిమిషాలకో వేవ్ వస్తోంది. నిజమో కాదో ఇంకా తెలీదు. ఎవరితోనూ అనకు."

అటుగా టీ పట్టుకొస్తున్న వంటాయన అక్కడే నిలబడిపోయాడు. ఆమె అక్క పెద్దాసుపత్రిలో నర్సని కేంద్రమంతటికీ తెలుసు. టీ చేరాల్సిన చోటికి చేరలేదుగాని, కబురు మాత్రం చేరింది.

"ఐదు నిమిషాలకొకరికి వస్తోందట," అన్నాడాయన గుమస్తాతో.

"ఐదు నిమిషాల్లో మనకీ వస్తుందటండీ!" అన్నాడు గుమస్తా ఆఫీసరుతో. "పైగా ఎవరికీ చెప్పొద్దన్నారట!"

ఆఫీసరు రోడ్ల శాఖ నుంచి బదిలీమీద వచ్చి నెల కాలేదు. కాని ఏసీ గాలిలో రోగం పాకుతుందని ఆయనకు బాగా గుర్తు. ఏ స్విచ్చు దేనిదో తెలియక మెయినే తీయించేశారు. సిబ్బందిలో పద్దెనిమిది మందిని ఆవరణలోకి తోలారు. తోటమాలి అందరి చేతులమీదా సబ్బునీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

ఇంజనీరు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆవరణలోకి రా! మెయిన్ ఆపేశారు!"

"మన డిష్షు యాంటెన్నా?"

"దానికీ రిసీవరుకీ తెరకీ బ్యాటరీలున్నాయిగా."

ఎందుకు ఆపారని అడగబోయి ఆమె ఆగింది. "ఏసీ ఆగిందా? మోటారు? ఫ్రిజ్జు?"

"అన్నీ ఆగాయి. నడువు."

ఆమె నడవలేదు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ భవనం అంత నిశ్శబ్దంగా ఉండడం ఆమె ఎన్నడూ ఎరగదు. తెరమీద గీత తిన్నగా సాగుతోంది. అలాగే సాగితే, రెండేళ్ల ఎదురుచూపులో దొరికింది ఒక ఏసీ అన్నమాట. రెండు నిమిషాలు. మూడు. పొద్దుటినుంచీ సూర్యుణ్ణి వింటున్నాననుకుని ఈ భవనం చప్పుడే విన్నానా అనుకుంది. నాలుగు. చేతులు ఒళ్లో పెట్టుకుని గీతనే చూసింది.

గీత మెల్లగా పైకి లేచింది.

ఇంజనీరు మొహంమీది తువ్వాలు జారిపోయినా చూసుకోలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూలబడ్డాడు. వ్యోమనౌక సూర్యుడి చాటుకు వెళ్లేదాకా ఇద్దరూ లేవలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆయన, "క్షమించు తల్లీ," అన్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి అందరూ ఒకరికొకరు బారెడు దూరంలో ఎండలో నిలబడి ఉన్నారు. ఆఫీసరు మాస్కులోంచే గద్దించారు. "ఇంత పెద్ద విషయం దాస్తారా?"

"అది సూర్యుడి కరోనా అండీ!"

"సూర్యుడికి కూడానా?"

అది రోగం కాదని, సూర్యుడి వాతావరణానికి ఎప్పటినుంచో ఉన్న పేరని ఆమె ఓపిగ్గా చెప్పింది. కరెంటు తీయించి ఆయన ఎంత మేలు చేశారో కూడా చెప్పి, చేతులు జోడించింది.

"అయితే మనకేం ప్రమాదం లేదంటారు?"

"లేదండీ. అది పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది."

ఆయన తల ఊపారు గాని, మాస్కు మాత్రం తీయలేదు.