పెనుకొండలో ఆదర్శ కోళ్ళగూడు

పేదవాడి పెరడే దేశానికి పెన్నిధి అనీ, కనీవినీ ఎరుగని ఆదర్శ కోళ్ళగూటిని పెనుకొండలో కట్టించి మంత్రిగారి చేతులమీదుగా ప్రారంభింపజేస్తామనీ కదిరప్పగారు మా వీధి మొగదల మైకులో ప్రకటించారు. కదిరప్పగారు అధికార పార్టీ నాయకులు, కాంట్రాక్టరు కూడా. అందువల్ల ఆయన ప్రకటించే పనులు ఆయనకే దొరుకుతుంటాయి. ఇంత పొందిక అందరికీ రాదు.

గూడు కట్టేది మా పక్కింటి దౌలత్‌బీ పెరట్లో. భర్త పోయాక ఆమె నాలుగు పెట్టలనూ ఒక పుంజునూ పెట్టుకుని, స్టేషన్ దగ్గర టీ హోటలుకు గుడ్లు అమ్మి బతుకుతోంది. కోడిపిల్లల్ని పిల్లి ఎత్తుకుపోతోందని, గంప చుట్టూ కట్టుకోవడానికి ఇనుప వల ముక్క ఇప్పించమని కదిరప్పగారిని అడిగింది. అడిగింది అంతే.

"ముక్కలిచ్చేదానికి ఇది అంగడి కాదు దౌలత్‌బీ, గవర్నమెంటు. ఇస్తే స్కీమే ఇస్తాది" అన్నారాయన.

వారంలో విస్తరణాధికారిగారు ప్లానుతో వచ్చారు. కాంక్రీటు పైకప్పు, తూర్పు ముఖం వాకిలి, శిలాఫలకానికి విడిగా ఒక గోడ. ఇల్లు కట్టుకునే మనుషులు సిమెంటు పర్మిట్టు కోసం చెప్పులు అరగదీస్తున్న ఈ రోజుల్లో, కోళ్ళకు అడక్కుండానే పర్మిట్టు వచ్చింది. ప్రభుత్వానికి మూగజీవాల మీద ఉన్న దయకు నేను ముగ్ధురాలినయ్యాను.

మా వైపు పునాది తవ్వితే నెత్తురు చూపించాలి. గుంటలో టెంకాయ కొట్టి, కోడిని కోసి, ఆ తర్వాతే రాయి వేస్తారు. మేస్త్రీ యల్లప్ప అది లేనిదే గడ్డపార ముట్టనన్నాడు. కోడి కొనడానికి ఎస్టిమేట్‌లో పద్దు లేదని అధికారిగారు బాధపడ్డారు. అయితే లబ్ధిదారు కూడా తన వాటాగా ఏదో ఒకటి ఇవ్వాలన్న నిబంధన ఉందట. దౌలత్‌బీ దగ్గర ఉన్నవి కోళ్ళు.

"అన్నా, ఈ గూడు ఎవురికి కడ్తాండారు?" అని ఆమె కదిరప్పగారిని అడిగింది.

"కోళ్ళకే."

"మరి కోడినే కోస్తాండారే?"

"పునాది గట్టిగుండొద్దా? రేపు గూడు కూలి కోళ్ళు సస్తే ఎవురమ్మా జవాబు చెప్పేది?"

ఆమె వెళ్ళి ఒక పెట్టను పట్టి తెచ్చి ఇచ్చింది. ఇలాంటి తర్కం మా బి.ఏ.లో కూడా చెప్పలేదు.

కూర మా వీధంతా ఘుమఘుమలాడింది. దౌలత్‌బీకి కూడా ఆకులో నాలుగు ముక్కలు పంపారు. అల్లా పేరు చెప్పకుండా కోసింది వాళ్ళింట్లో తినరు కనుక ఆమె తిప్పి పంపింది. తన కోడి కూరను తానే ముట్టని ఆ నిస్వార్థం మతసామరస్యానికి తార్కాణమని అధికారిగారు ఆ ముక్కలు నములుతూనే అన్నారు.

పైకప్పు పోసిన రోజు రెండో పెట్ట పోయింది. శిలాఫలకం గోడ బీట వారింది. ఇసుక పాలు ఎక్కువై అని నేననుకున్నాను, దిష్టి తగిలిందని కదిరప్పగారు తేల్చారు. మూడో పెట్ట పోయింది. టీ హోటలువాడు గుడ్లు సరిగ్గా రావడంలేదని వేరేచోట మాట్లాడుకున్నాడు.

ఇక మిగిలిన పెట్ట గుడ్లు పొదుగుతోంది. దాన్ని గంపతో సహా తెచ్చి మా వంటింటి మూల పెట్టింది దౌలత్‌బీ. "పిల్లలు లేసేవరకన్నా ఈడ ఉండనీమ్మా. ఇది పోతే నాకింకేం ల్యా" అంది. సరేనన్నాను.

ప్రారంభోత్సవం ముందురోజు అధికారిగారు మా ఇంటికి మంచినీళ్ళకని వచ్చారు. గడప పూజకు కోడి కావాలని, దౌలత్‌బీ పెట్టను చూశారా అని మర్యాదగా అడిగారు. చూడలేదన్నాను. గంపలోంచి పెట్ట గుర్రుమంది.

"అదేమిటండీ?"

"పొదుగుతోందండీ. ఇప్పుడు తీస్తే గుడ్లన్నీ పాడైపోతాయి."

"ఒక్కరోజు పనేనండీ" అని ఆయన నాకు ధైర్యం చెప్పారు. వెనకే నిలబడ్డ యల్లప్ప గంప ఎత్తాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ప్రభుత్వ కార్యక్రమానికి ఆటంకం కలిగించడం నేరమని ఆయన నన్ను 'అమ్మా' అంటూనే చెప్పారు. పెట్టను పెరటి తలుపులోంచి తీసుకుపోయారు. గుడ్లు సాయంత్రానికి చల్లబడ్డాయి.

మరునాడు మంత్రిగారు కారు దిగగానే పుంజుతో దిష్టి తీశారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, వంగి గూట్లోకి చూసి, కోళ్ళేవని అడిగారు. మేతకు పోయాయన్నారు అధికారిగారు. మంత్రిగారు సంతోషించి దౌలత్‌బీ వైపు తిరిగారు.

"ఏమ్మా, ఇప్పుడు నీ కోళ్ళకు ఏమన్నా కష్టముందా?"

ఆమె గూటివైపు చూసింది. "ఇప్పుడేం కష్టం ల్యా సార్."

చప్పట్లు చాలాసేపు మోగాయి. కదిరప్పగారు కళ్ళు తుడుచుకున్నారు.

దౌలత్‌బీ ఇప్పుడు వేరుశనగకాయలు ఒలిచే కూలికి పోతోంది. గూడు మాత్రం చెక్కుచెదరలేదు. హిందూపురం, ధర్మవరం, మడకశిరల నుంచి జీపుల్లో అధికారులు వచ్చి చూసిపోతున్నారు. మొన్న వచ్చినవాళ్ళకు మన అధికారిగారు శిలాఫలకం పక్కన నిలబడి, కట్టిన నాటినుంచీ ఈ గూట్లో ఒక్క కోడి కూడా చావలేదని వివరించారు. వాళ్ళు ఆశ్చర్యపోయారు. తమ ఊళ్ళలో కూడా కట్టించాలంటే లబ్ధిదారును ఎలా ఎంపిక చేసుకోవాలని ఒకాయన అడిగాడు.

"ముందు కోళ్ళున్న ఇల్లు చూసుకోవాలి" అన్నారు మన అధికారిగారు.