రిటైరయ్యాక దొరికిన పై అధికారి

రిటైరైనవాళ్ళకి పెన్షన్ నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు గానీ, పర్సనల్ ట్రైనర్ మాత్రం మర్నాటికల్లా గుమ్మంలో నిలబడి తీరాలి! ఈ మేరకు వెంటనే ఒక చట్టం చేయాలని నా డిమాండ్. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను.

ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో సూపరింటెండెంట్‌గా వెలగబెట్టినవాణ్ణి. నేను సీట్లోంచి లేస్తే సెక్షన్ మొత్తం లేచేది. రిటైరైన మర్నాటి నుంచీ ఇంట్లో వినిపించే మాట ఒకటే: "మీరు కూర్చోండి!" మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే మా ఆవిడ కూర్చోమంటుంది. బల్బు మార్చబోతే మా అబ్బాయి స్టూలు లాక్కుంటాడు. తడిబట్టల బకెట్ మీద చెయ్యి వేస్తే చాలు, కోడలు "అయ్యో మామయ్యగారూ!" అంటూ పరిగెత్తుకొస్తుంది. ఇంత మర్యాద చేస్తే మనిషన్నవాడు ఎన్నాళ్ళు బతుకుతాడు చెప్పండి?

కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు వ్యాయామం చేయమన్నాడు. వీధి చివర జిమ్‌లో ఒక ట్రైనర్‌ని కుదుర్చుకున్నాం. మనిషి బీరువాలా ఉంటాడు. నన్ను చూడగానే అతనన్న మొదటి మాట, "లేవండి సార్! ఎవరు కూర్చోమన్నారు మిమ్మల్ని?"

ఆహా! చెవుల్లో అమృతం పోసినట్టయింది.

ఆ తర్వాత ఒళ్ళు హూనమైన మాట నిజమే. పళ్ళు తోముకుందామంటే చెయ్యి పైకి లేవదు. బ్రష్షు దగ్గరికి నోరే దిగి రావాలి. అయితేనేం, లాభాలు చూడరేం? మెట్లు దిగుతూ నేను పెట్టే కేకలకి ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్ళుగా పలకరించని పైవాటా ఆయన ఇప్పుడు నా మోకాలి క్షేమం రోజూ కనుక్కుంటున్నాడు!

ఇక అతనిచ్చిన చార్టు సంగతి. పన్నెండు వారాలు, రోజుకో గడి. ఏ రోజు వ్యాయామం ఆ రోజు చేసి గడిలో సంతకం పెట్టాలి. ఎన్నాళ్ళకి చూశాను, నా సంతకం కోసం ఎదురుచూసే కాగితాన్ని! కాగితాన్ని పెండింగులో ఉంచడం నా సర్వీసులోనే లేదు. అక్కడికక్కడే పన్నెండు వారాల గడులన్నిటిలో పొట్టి సంతకాలు గిలికి, కింద తేదీ వేసి తిరిగిచ్చేశాను.

అతను చార్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పెద్ద ఇనుపకడ్డీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇదేంటి బాబూ?"

"పన్నెండో వారం బరువు సార్. అంతా అయిపోయిందని మీరే సంతకం పెట్టారుగా. ఎత్తండి!"

తల ప్రాణం తోకకొచ్చింది. కడ్డీ కదలలేదు, నేనే కదిలాను. సర్వీసులో ఏ పై అధికారీ నన్నింత తేలిగ్గా పట్టుకోలేదు. అప్పుడే కుదిరింది అతని మీద నాకు గౌరవం. చార్టు చించేసి, మొదటి వారం నుంచి కొత్తది రాయించుకున్నాను.

పొద్దున్న ఆరింటికి ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ చేసి మరీ కోప్పడతాడు. రిటైరైనవాడు ఇంకా రాలేదేమని కోప్పడే మనిషి ఈ లోకంలో ఇంకెక్కడైనా ఉన్నాడా?

మొన్న పన్నెండో వారం నిజంగానే ముగిసింది. ఆఖరి పరీక్షగా, ఏ ఆసరా లేకుండా ఇరవై స్క్వాట్స్ తీయమన్నాడు. చిన్నప్పుడు మాస్టారు తీయించిన గుంజీలే లెండి! పది పూర్తయ్యేసరికి అతని ముఖం వెలిగిపోయింది. "సూపర్ సార్! ఇక మీకు నాతో పనిలేదు. ఇంట్లోనే చేసేసుకోవచ్చు."

ఇక పనిలేదని ఒకసారి ఆఫీసులో సభ పెట్టి, చప్పట్లు కొట్టి మరీ చెప్పారు నాకు. రెండోసారి వినే ఓపిక లేదు.

పదకొండోది తీస్తూ "అమ్మో!" అని మోకాలు పట్టుకుని కూలబడ్డాను. అతను పరిగెత్తుకొచ్చి, అటూ ఇటూ నొక్కి చూసి, ఇంకో పన్నెండు వారాలు తప్పదని తేల్చేశాడు.

మీకు మాత్రమే చెబుతున్నాను. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ పెట్టుకుని ముప్పై తీశాను. ఎక్కడా నొప్పి లేదు. రేపు ఆరింటికి మాత్రం కుంటుకుంటూ వెళతాను.