మొసలికి మాటలు నేర్పిన గోరువంక

చాలా పెద్ద అడవి ఒకటుండేది. చెట్లలోనే కాదు, వ్యవహారంలోనూ పెద్దదే. దానికొక సమితి ఉండేది. సమితికి అధ్యక్షుడు ఎలుగుబంటి జాంబయ్య గారు, కార్యదర్శి కొండముచ్చు తోకేశ్వరరావు. నెలకోసారి సమావేశం పెట్టుకుని, క్రితం నెల సమావేశం గురించి మాట్లాడుకునేవారు.

ఆ అడవిలో వాగు మలుపు తిరిగినచోట ఒక మడుగు కట్టింది. అందులో జలపతి అనే మొసలి కాపురముండేవాడు. ఒంటరివాడు. మితభాషి అని కూడా అనలేం, అసలు మాటే లేదు. ఎవరైనా నీళ్ళకొస్తే కళ్ళు రెండూ నీటిపైకి పెట్టి చూసేవాడు. తరవాత ఏం జరిగిందో చూసినవాళ్ళు చెప్పేవారు. జరిగినవాళ్ళు చెప్పడానికి ఉండేవారు కాదు.

ఇలా ఎన్నాళ్ళని సాగుతుంది? జంతువులు కోసెడు దూరం నడిచి పడమటి ఊట దగ్గర నీళ్ళు తాగడం అలవాటు చేసుకున్నాయి. ఆ ఏడు మడుగులో ఉన్న కాసిని చేపల్నీ నీటికుక్కలు ఊడ్చుకుపోయాయి. జలపతి డొక్కలు వీపుకంటుకుపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మంజువాణి అనే గోరువంక పట్నం నుంచి తిరిగొచ్చింది.

పట్నంలో ఆవిడ ఒక లాడ్జి రిసెప్షన్‌లో, పంజరంలో మూడేళ్ళుంది. వచ్చేవాళ్ళని "రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా?" అని, వెళ్ళేవాళ్ళని "మళ్ళీ రావాలి" అని మూడేళ్ళూ పలకరించింది. ఎవరో పంజరం తలుపు వెయ్యడం మరిచిపోయిన రోజున ఎగిరొచ్చేసింది. అడవిలో మాత్రం పంజరం ఊసెత్తలేదు. "ఆతిథ్య రంగంలో మూడేళ్ళ అనుభవం" అని చెప్పుకుంది. మద్దిచెట్టు చిటారు కొమ్మన 'వ్యాపార, సాంఘిక సంభాషణా నైపుణ్య శిక్షణ కేంద్రం' తెరిచింది. ఆ పేరు పూర్తిగా చదివేసరికి కార్యదర్శికి ఆయాసమూ గౌరవమూ ఒకేసారి కలిగాయి. సమితి వెంటనే గుర్తింపు ఇచ్చేసింది.

జలపతి ఆవిడకి కబురు పంపాడు. ఆవిడ వచ్చి మడుగు మీదికి వంగిన కొమ్మ మీద కూర్చుంది.

"చెప్పండి జలపతి గారూ, మీ ఇబ్బందేమిటి?"

"ఎవరూ రావడం లేదండి."

"వస్తే మీరేమంటారు?"

జలపతి ఆలోచించాడు. "ఏమీ అనను. పట్టుకుంటాను."

"అదీ సంగతి!" అంది మంజువాణి రెక్కలు టపటపలాడించి. "పలకరింపు లేదు, పరిచయం లేదు, ఏకంగా పనిలోకి దిగిపోతారు. ఎవరు వస్తారు మరి? లోపం మీ పళ్ళలో లేదండీ, పలకరింపులో ఉంది."

జలపతికి ప్రాణం లేచొచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తప్పంతా పళ్ళదే అనుకుంటూ వచ్చాడు పాపం.

రుసుము కింద అతని వీపు మీది జలగల్ని ఆవిడ ఏరుకు తినేటట్టు మాట్లాడుకున్నారు. పదకొండు రోజుల శిక్షణ మొదలైంది.

మొదటి పాఠం చిరునవ్వు. జలపతి నవ్వాడు. మంజువాణి చప్పున నాలుగు కొమ్మలు పైకెగిరి కూర్చుంది.

"నోరు మూసుకుని నవ్వడం అభ్యాసం చేద్దాం," అంది అక్కణ్ణుంచే.

తరవాత వాతావరణం గురించి మాట కలపడం. పేరడగడం, అడిగిన పేరు మరిచిపోకపోవడం. ఇంట్లోవాళ్ళ యోగక్షేమాలు విచారించడం. చెప్పేది వింటున్నట్టు తల ఆడించడం. జలపతికి మెడ లేదు కాబట్టి తోక ఆడించాలని తీర్మానించారు.

చివరి రోజున మంజువాణి గొంతు తగ్గించి చెప్పింది. "ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగా మధ్యలో నోరు తెరవకూడదు."

"ఏ కారణం చేతా?"

"ఏ కారణం చేతా."

జలపతి శ్రద్ధగల విద్యార్థి. ఆ మాట బురదలో గోటితో రాసుకున్నాడు.

తామరాకు మీద పట్టా ఇచ్చారు. 'ఇకమీదట మడుగు వద్ద మర్యాదపూర్వకమైన వాతావరణం ఉండును' అని సమితి ప్రకటన చేసింది. అయినా వారం రోజులు ఎవరూ రాలేదు. ఎనిమిదోనాడు చుక్కల దుప్పి చుక్కమ్మ వచ్చింది. కాలు నొప్పి చేసి పడమటి ఊట దాకా నడవలేకపోయింది, అందుకని.

మడుగు గట్టున ఆమె ఆగిపోయింది. నీటి మీద రెండు కళ్ళు కనిపించాయి.

"ఎండలు బాగా ముదిరాయి కదమ్మా," అన్నాయి ఆ కళ్ళు.

చుక్కమ్మ ఉలిక్కిపడి పరుగు తియ్యడానికి కాలెత్తింది. కానీ ఎండ గురించి అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా పోతే బాగుండదనిపించింది.

"ముదరడమా! మా కుంకుడుచెట్టు కింద నీడ కూడా కాలుతోంది."

"తమ పేరు?"

"చుక్కమ్మ."

"పిల్లలెంతమంది చుక్కమ్మ గారూ?"

అడవిలో చుక్కమ్మని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. జలపతి ఒక్కడికే తెలియదు.

"ముగ్గురండీ," అంటూ ఆవిడ కాలు కిందికి దించింది. "పెద్దాడికి కొమ్ములు వంకరగా మొలిచాయి. వాణ్ణి చూసి మందలో అందరూ నవ్వడమే. నేను వాళ్ళ నాన్నతో మొదటే చెప్పాను..."

చెబుతూ ఒక అడుగు ముందుకేసింది. జలపతికి నోరూరింది. ఆవిడ మాట పూర్తికాగానే పని కానిద్దామనుకున్నాడు. పెద్దాడి కొమ్ములయ్యాక రెండోవాడి అజీర్ణం వచ్చింది. చుక్కమ్మ ఇంకో అడుగు వేసింది. మూడోదాని మొండితనం, ఆపైన లేత గడ్డి అంతా తానే మేసేసే తోటికోడలు. చుక్కమ్మ ముంగాళ్ళు నీళ్ళలోకి వచ్చేశాయి. మూతి నీటికి ఆనింది. ఇదే సమయమని జలపతి దవడ బిగించాడు. తాగుతూ తాగుతూ ఆవిడ తలెత్తింది.

"అసలు సంగతి చెప్పనేలేదు కదూ!"

జలపతి తోక ఆడించాడు.

పొద్దు వాలేటప్పటికి చుక్కమ్మ కడుపునిండా నీళ్ళు తాగి, మనసులో ఉన్నదంతా చెప్పేసి, గట్టెక్కి వెనక్కి తిరిగింది. "గుండె బరువంతా దిగిపోయింది అన్నయ్యా. రేపు మళ్ళీ వస్తాను."

అన్నయ్యా! జలపతిని అంతవరకు ఎవరూ ఏమీ పిలవలేదు. అరుపులే విన్నాడు. అతను ఆ పూట పస్తున్నాడు గానీ, ఎందుకో ఆకలి మునుపటంత బాధించలేదు.

మర్నాడు చుక్కమ్మ వెంట ఇంకో ఇద్దరొచ్చారు. నాలుగోరోజుకి మడుగు గట్టున వరస కట్టారు. అడవిపంది బుచ్చబ్బాయి కూతురి పెళ్ళి సంబంధాల గురించి చెప్పాడు. జాంబయ్య గారు పంటినొప్పి గురించీ, సమితిలో తన మాట ఎవరూ వినకపోవడం గురించీ చెప్పుకున్నారు. తోకేశ్వరరావు అధ్యక్షుడి గురించి చెప్పాడు. జలపతి అందరి మాటా విన్నాడు. అందరి పేర్లూ గుర్తుపెట్టుకున్నాడు. ఎవరి మాటకీ అడ్డు రాలేదు. అడవిలో మాట పూర్తిచేసే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి, ఎవరినీ తినలేదు.

నెల తిరిగేసరికి లేవలేక మంజువాణిని పిలిపించాడు.

"మూడొందల మంది వస్తున్నారు! నా విద్యార్థుల్లో ఇంత పైకొచ్చినవాడు లేడు," అంది ఆవిడ.

"వస్తున్నారండి. వెళ్ళిపోతున్నారండి."

"ఓహో, ముగింపా? అది పై తరగతి పాఠం." ఇంకా నాలుగు జలగలు ఏరుకుని, ఆ పాఠం కూడా చెప్పింది. "కొంతసేపయ్యాక మృదువుగా, 'మరి అసలు విషయానికొద్దామా?' అనాలి. అంతే."

మధ్యాహ్నం బుచ్చబ్బాయి వచ్చి ఒడ్డున బురదలో సుఖంగా పడుకున్నాడు. జలపతి నోరు మూసుకుని నవ్వాడు.

"మరి అసలు విషయానికొద్దామా బుచ్చబ్బాయి గారూ?"

"నేనూ అదే అనబోతున్నాను!" అని బుచ్చబ్బాయి లేచి కూర్చున్నాడు. "అసలు విషయం ఏమిటంటే, ఆ పెళ్ళికొడుకుకి ఒక కోర లేదట. వాళ్ళు దాచిపెట్టారు..."

జలపతి కళ్ళు మూసుకున్నాడు. తోక మాత్రం ఆడించాడు.

అతను చిక్కిపోవడం అందరూ చూశారు. అందరికీ బెంగ పట్టుకుంది. నేరేడు పళ్ళు తెచ్చి ఒడ్డున పోశారు. కందగడ్డలు తెచ్చారు. జాంబయ్య గారు స్వయంగా తేనెపట్టు పట్టుకొచ్చి, దారిలో సగం తిని, మిగతా సగం ఇచ్చారు. జలపతి అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. కృతజ్ఞత చెప్పడం ఏడో పాఠంలో ఉంది. వాళ్ళు వెళ్ళాక పళ్ళన్నీ ఒడ్డునే పడి ఉండిపోయాయి.

ఒకరోజు పొద్దున్నే చుక్కమ్మ వచ్చింది. ఆవేళ పిల్లల మాట ఎత్తలేదు. అతని పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. గట్టున అప్పటికే పదిమంది దాకా పోగయ్యారు.

"ఇన్నాళ్ళూ మా గోడు చెప్పుకోవడమే గానీ, నీ గోడేమిటని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు అన్నయ్యా. ఎందుకిలా అయిపోయావు?"

జలపతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతని జాతి కన్నీళ్ళకి లోకంలో మంచి పేరు లేదు గానీ, ఇవి నిజంగా వచ్చినవి.

"ఆకలమ్మా."

"పళ్ళు తెచ్చాం కదా!"

"నేను పళ్ళు తిననమ్మా."

"మరేం తింటావు?"

ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. చెల్లెలిలా అడుగుతోంది. ఆమెకి అబద్ధం చెప్పడానికి జలపతికి నోరు రాలేదు.

"మిమ్మల్ని."

ఒక్కసారిగా అందరూ పరుగు తీశారు. కుంటుతూ కుంటుతూ చుక్కమ్మ అందరికంటే వెనక వెళ్ళింది.

ఆ సాయంత్రమే సమితి అత్యవసర సమావేశం పెట్టింది. అడవి అడవంతా మండిపడుతోంది.

"తినాలనుకోవడం ఆయన సొంత విషయం," అన్నాడు బుచ్చబ్బాయి. "దాన్ని మనమెవరమూ తప్పుపట్టం. నలుగురిలో అలా అనెయ్యడమేమిటి?"

"అదీ ఒక ఆడకూతురి మొహం మీద!" అన్నారు జాంబయ్య గారు.

'అభియోగం: అసందర్భంగా మాట్లాడుట' అని తోకేశ్వరరావు రాసుకున్నాడు.

మంజువాణి లేచి నిలబడింది. "నా శిక్షణలో నిజం చెప్పడమనే పాఠం ఎక్కడా లేదని సభకి మనవి చేస్తున్నాను. అది ఆయన సొంతంగా నేర్చుకున్నది."

చుక్కమ్మ వెనక నుంచి మెల్లగా అంది. "అడిగింది నేను. అడక్కపోతే ఆయన ప్రాణం పోయినా చెప్పేవాడు కాదు."

"అందుకేనమ్మా, అలాంటివి ఎవరూ అడక్కూడదనేది," అన్నారు జాంబయ్య గారు. ఆ ముక్క కూడా తీర్మానంలో చేర్చారు.

జలపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాలి, శిక్షణ మొదటి పాఠం నుంచి మళ్ళీ తీసుకోవాలి. అదీ తీర్పు.

మర్నాడు క్షమాపణ వినడానికి సమితి సమితంతా మడుగుకి దిగింది. జలపతి గొంతు పీలగా వస్తోంది. వినపడక జాంబయ్య గారు ఇంకాస్త ముందుకొచ్చారు. ఆయన వెనకే తోకేశ్వరరావు, ఆ పక్కన బుచ్చబ్బాయి వచ్చారు. అందరూ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చెవులు రిక్కించారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ మడుగు దగ్గర అందరూ ఒక్కసారి నోరు మూసుకోవడం అదే మొదలు.

జలపతి నోరు తెరిచాడు. జాంబయ్య గారి ముక్కు జానెడు దూరంలో ఉంది.

వాపు తగ్గని ఆయన దవడ కనిపించింది. బుచ్చబ్బాయి కూతురి పెళ్ళి ఇంకా కుదరలేదు. ఒడ్డు మీద చుక్కమ్మ, ఆమె పక్కన వంకర కొమ్ముల పెద్దాడు ఉన్నారు. ఆ కొమ్ములు మరీ అంత వంకరగా ఏమీ లేవనిపించింది జలపతికి.

తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. "ఉంటానమ్మా," అని చుక్కమ్మతో అని, నీళ్ళలోకి మునిగి, వాగు వాలున వెళ్ళిపోయాడు.

క్షమాపణ చెప్పకుండా వెళ్ళాడని సభ్యులు నొచ్చుకున్నారు.

జలపతి మూడు రోజులు ఈది, వాగు పెద్దేట్లో కలిసేచోట చేరాడు. అక్కడ చేపలు బోలెడు. చేపలు తమ పిల్లల గురించి ఏమీ చెప్పవు. నాలుగు వారాల్లో ఒళ్ళు చేశాడు. అయినా గట్టు మీద ఎవరిదైనా అలికిడి వినిపిస్తే తలెత్తి, 'ఇంట్లో అందరూ కులాసానా' అనబోయి ఆగిపోతాడట.

వానాకాలం వరదకి మడుగులోకి కొత్త మొసలి ఒకావిడ కొట్టుకొచ్చింది. ఆవిడ ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదు. నీటిపైకి కళ్ళు రెండూ పెట్టి చూస్తూ ఉండేది.

"పై తరగతి కూడా పూర్తిచేసినట్టుంది," అన్నారు జాంబయ్య గారు.

"ఎంత శ్రద్ధగా వింటోందో చూశారా!" అని బుచ్చబ్బాయి మురిసిపోయాడు. "జలపతి అయినా మధ్యమధ్య తోకాడించేవాడు. ఈవిడకి అదీ లేదు." కూతురి పెళ్ళి ఎట్టకేలకు ఎలా కుదిరిందో వివరంగా చెబుదామని ఇంకొంచెం ముందుకి దిగాడు.

ఆ పెళ్ళి ఎలా కుదిరిందో అడవిలో ఇంతవరకు ఎవరికీ తెలియలేదు.

నీతి: మన మాట ఓపిగ్గా వినేవాళ్ళందరూ మంచి శ్రోతలని మురిసిపోకండి, కొందరికి భోజనానికి ముందు మాట్లాడే అలవాటుండదు.