గొర్రెల దొడ్డిలో బేస్‌బాల్ పంపకం

మల్లేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం పొద్దున గొర్రెల దొడ్డి పక్కనున్న రాతి గుండు ఎక్కి కూర్చోవాలి. ల్యాప్‌టాప్ తెరిచి, లీగ్ మిత్రులతో కలిసి బేస్‌బాల్ ఆటగాళ్ళను పంచుకోవాలి. ఎండెక్కేలోగా దిగి వచ్చి, కేతేపల్లిలో తన సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం తెరవాలి. ఇందులో ఎవరికీ కష్టం లేదు, ఎవరి సొమ్మూ పోయేది లేదు. అయినా ఆ పథకం నాలుగు రోజులు తిరక్కుండానే ఒక పచ్చని సంసారాన్ని రెండు ముక్కలు చేసేదాకా వచ్చింది.

మల్లేష్ జన్మలో బేస్‌బాల్ బంతిని ముట్టుకున్నవాడు కాదు. కానీ పొద్దున్నే మంచులో ఆ గుండు మీద కూర్చుంటే కింద వరి మడులన్నీ గట్లు చెరిగిపోయి ఒకే పచ్చటి మైదానమయ్యేవి. ఎక్కడో కట్టెకు బంతి తగిలిన చప్పుడు వినిపించేది. తెల్లని బంతి లేచి, లేచి, మూసీ మీది మబ్బుల్లోకి పోయి ఇక కనిపించేది కాదు. అది దిగి వస్తుందేమోనని చూస్తూ చాయ్ చల్లార్చుకోవడం అతనికి అలవాటు. దొడ్డి దగ్గర తప్ప ఇంకెక్కడా సిగ్నల్ సరిగా అందదు కాబట్టి ఆ కలలన్నీ గొర్రెల మధ్యనే కనాల్సి వచ్చేది.

అతను చేరిన ఆన్‌లైన్ లీగ్‌లో ఆడేవాళ్ళంటూ ఎవరూ లేరు. ఎన్నడో ఆడి మానేసిన ఆటగాళ్ళను సభ్యులు వంతులవారీగా ఎంచుకొని జట్లు కట్టుకుంటారు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. ఆ తర్వాత కంప్యూటరే ఆడుతుంది, కంప్యూటరే గెలుస్తుంది, మనుషులు మాత్రం సంబరపడతారు. ప్రతి సీజన్ డ్రాఫ్ట్‌కూ ఒక నియమం ఉంటుంది. ఈసారి నడిపించే వంతు మల్లేష్‌ది. దెబ్బ తగిలి మూలపడి, మళ్ళీ లేచి ఆడినవాళ్ళనే ఎంచుకోవాలని అతను నియమం పెట్టాడు. ఆ ఆలోచనకు తానే మురిసిపోయి రెండు రోజులు దుకాణంలో ఒకరి ఫోన్ ఇంకొకరికి ఇచ్చాడు.

గురువారం పొద్దున భువనగిరి నుంచి విజేందర్ ఫోన్ చేశాడు. లీగ్‌లో కొత్తగా చేరిన అతనికి డ్రాఫ్ట్ అంటే ఏమిటో అంతుపట్టలేదు. మల్లేష్ గుండు మీద కూర్చొనే ఓపికగా చెప్పాడు.

"గిదేం బ్రహ్మవిద్య కాదు భాయ్. మనోళ్ళు గొర్లు పంచుకుంటరు సూడు, అచ్చం గట్లనే. మందనంతా ముందల నిలవెడతం. తొలి వంతోడు ఒకటి పడతడు, మలి వంతోడు ఒకటి పడతడు. ఒకరు పట్టినంక ఇంకొకరు నోరు తెరవద్దు. ఆదివారం పొద్దుగాల మొదలువెడితే బువ్వయాళ్లకు అయిపోతది. ఇగ ఎవనిది వానిదే."

చాయ్ గ్లాసుతో గుండు వెనక్కి వచ్చిన వదిన మంజులత చెవిలో 'మందనంతా' దగ్గర్నుంచి మాత్రమే పడింది. ఆమె గ్లాసు అక్కడే పెట్టి, చప్పుడు చేయకుండా దొడ్డిలోకి పోయింది. అక్కడ ఆమె భర్త లింగస్వామి ఒక కుంటి గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు.

"మీ తమ్ముడు ఏరువడుతాండు," అంది.

"ఎవలు చెప్పిండ్రు?"

"నా చెవులతోటి ఇన్న. ఆదివారమేనట. మంద ముందల వెట్టి పంచుడేనట. ఎవనిది వానిదేనట."

లింగస్వామి గొర్రె కాలు వదిలేశాడు, ముల్లు అందులోనే ఉంది. తమ్ముడిని భుజాన ఎక్కించుకొని మంద వెంట తిప్పినవాడు అతను. దుకాణం పెట్టించినవాడూ అతనే. ఆ తమ్ముడు వేరు పడితే ఇల్లు రెండు పొయ్యిలు అవుతుందన్న దిగులుకంటే, ఆ మాట తనతో కాక ఎవరితోనో ఫోన్‌లో అన్నాడన్నదే అతన్ని కోసింది.

అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ ఆ ఇళ్ళల్లో వేరు పడాలనుకున్నవాణ్ణి ఇంట్లోవాళ్ళు నేరుగా అడగరు. అడిగితే పొమ్మన్నట్టు ఉంటుంది. అందుకని అడగాల్సిన మాటలన్నీ మింగి, అతనికి కూరలో రెండు ముక్కలు ఎక్కువ వేస్తారు. మంజులత నెయ్యి కూడా వేసింది. వేస్తూ కళ్ళు తుడుచుకుంది. వదినెకు బేస్‌బాల్ అంటే ఇంత ప్రేమా అని మల్లేష్ గుండె నిండిపోయింది.

తండ్రి పోచయ్య మాత్రం ఆగలేక చుట్టు తిరిగి అడిగాడు. "కొడకా, ఆదివారం సంగతి నిజమేనా?"

మల్లేష్ ముఖం వెలిగిపోయింది. "నిజమే బాపూ! నీకెట్ల ఎరుక?"

"నీకేమన్న తక్కువ చేసినమా?"

"తక్కువేంది బాపూ? ఎన్నేండ్ల సంది కలగంటున్న. గిప్పటికి నా వంతొచ్చింది."

ముసలాయన గొంగడి కప్పుకొని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏళ్ళ తరబడి కలగన్నాడట! ఒకే మందలో తిరుగుతూ, ఒకే గిన్నెలో తింటూ వేరు పడడం గురించి కలగన్నాడట. ఆ మాట ఆయనకు రొమ్ములో గుచ్చుకుంది.

శనివారం ఇంకో చిక్కు వచ్చింది. లీగ్‌లో ఒక పెద్దమనిషి పడవ షికారుకు పోతున్నానని తప్పుకున్నాడు. కుర్చీలన్నీ నిండకపోతే ఆ సీజన్‌కు డ్రాఫ్ట్ ఉండదు. మల్లేష్ అన్నం కలుపుతూ నిట్టూర్చాడు. "ఒక్క మనిషి తక్కువైతాండు బాపూ. ఆ ఒక్కడు దొరుకుతే ఆదివారం పని ఆగదు."

పంచడానికి ఒక పెద్దమనిషి తక్కువయ్యాడని పోచయ్యకు అర్థమైంది. చెయ్యి కడుక్కొని, దొడ్డి దగ్గరికి పోయి హుజూర్‌నగర్‌లోని బామ్మర్ది నరసింహకు ఫోన్ చేశాడు. నరసింహ చాలా ఇళ్ళు విడదీసిన చెయ్యి. పంపకం రోజు పెద్దమనుషులకు పెట్టే మాంసం కూర మీద ఆయనకు మంచి గురి. ఒంటరిగా రావడం బాగుండదని ఇంకో నలుగురిని వెంట తెచ్చాడు.

ఆదివారం మంచు ఇంకా విడవలేదు. మల్లేష్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని గుండు మీద కూర్చున్నాడు. కింద తెల్లటి మంచులో తలపాగాలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి. తన డ్రాఫ్ట్ చూడడానికి మేనమామ హుజూర్‌నగర్ నుంచి వచ్చాడని అతనికి కళ్ళు చెమర్చాయి. చెయ్యి ఊపాడు. ఎవరూ తిరిగి ఊపలేదు. తప్పుకున్నవాడి కుర్చీ నింపే మనిషి కోసం అతను ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

నరసింహ గొంతు సవరించుకున్నాడు. "చిన్నోడా, తొలి వంతు నీది. పట్టు."

సరిగ్గా అప్పుడే మల్లేష్ డ్రాఫ్ట్ వంతుల వరుస చెబుతూ విజేందర్‌తో గట్టిగా అన్నాడు. "ముందుగాల మీరే పట్టుకోర్రి. నాది ఆఖరి వంతు. మిగిలింది నాకు సాలు."

"సూసిండ్రా పిలగాని గుణం!" అన్నాడు నరసింహ. లింగస్వామికి తల కొట్టేసినట్టయింది. తమ్ముడంత వాడు మిగిలింది చాలంటుంటే తను మంచివి ఎట్లా పట్టుకుంటాడు? నేరుగా పోయి కుంటి గొర్రెను పట్టుకున్నాడు.

"అది కుంటిది గదరా?"

"నాకు గదే గావాలె మామా."

పెద్దమనుషులు ఊరుకోలేదు. చిన్నవాడి తరఫున మందలోకెల్లా బలిసిన పొట్టేలును పట్టి ఎర్రమట్టి జాజుతో ముద్ర వేశారు. లింగస్వామి గుడ్డిదాన్ని పట్టాడు. వాళ్ళు ఈనబోయే గొర్రెను పట్టారు. అతను పళ్ళూడిన ముసలిదాన్ని పట్టాడు. అట్లా పంపకం పోటాపోటీగా సాగింది, కాకపోతే పోటీ తిరగబడి ఉంది.

మల్లేష్ తలెత్తేసరికి గుండు చుట్టూ ఎర్ర ముద్రల గొర్రెలు కిటకిటలాడుతున్నాయి. అవతల అన్న కుంటి, గుడ్డి గొర్రెల మధ్య కూర్చొని తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. మల్లేష్ ఇయర్‌ఫోన్లు లాగేసి దిగాడు.

"అన్నా, గిదేంది? గివన్ని నా దిక్కెందుకు?"

"నీ పాలు తమ్మీ. మంచిగ బతుకు."

"పాలేంది? ఎవలు ఏరువడుతాండ్రు?"

అందరి చూపులూ మంజులత మీదకు మళ్ళాయి. "నువ్వేనాయె," అందామె. "మందను ముందల వెట్టి పంచుకుంటం అంటివి!"

"అయ్యో వదినె! అవి గొర్లు కావు, ఆటగాళ్ళు!" మల్లేష్ విషయమంతా చెప్పాడు. "నన్ను ఒక్క మాట అడుగొద్దా అన్నా? నిన్నిడిసి నేనేడికి పోత?" అంటూ చిన్నపిల్లవాడిలా అన్నను పట్టుకొని ఏడ్చాడు. అన్న కూడా ఏడ్చాడు. పోచయ్య ఎవరికీ కనిపించకుండా గొర్రెల వైపు తిరిగి ఏడ్చాడు.

నరసింహ ఒక్కడే ఏడవలేదు. "అంత మంచిగనే ఉన్నది. గని పొద్దుగాలనే ఇంకో పొట్టేలు కోసిండ్రు, కూర ఉడుకుతాంది. పంపకానికని వచ్చి ఏం పంచకుండ తిని లేస్తే మాకు మర్యాదనా? ఏదన్న ఒకటి పంచాలె."

మల్లేష్‌కు ఖాళీ కుర్చీ గుర్తొచ్చింది. అన్న చెయ్యి పట్టుకొని గుండు మీదకు ఎక్కించాడు. పెద్దమనుషులు ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. తెర మీద ఒక బక్కపలచటి మనిషి బొమ్మ వచ్చింది.

"గీయనకేమైంది?" అన్నాడు లింగస్వామి.

"మోకాలు పోయింది అన్నా."

"పాపం. పట్టు."

"గీయన భుజం ఇరిగింది."

"అయ్యో. గీయనను గూడ పట్టు. ఎవలు సూస్తరు మళ్ళ?"

మంచు విడిపోయి కింది మడులు పచ్చగా తేలాయి. బంతి చప్పుడు ఈసారి అన్నకు కూడా వినిపించిందని మల్లేష్ ఇప్పటికీ నమ్ముతాడు. కూర ఉడికేలోపు పంపకం ముగిసింది. పెద్దమనుషులు తృప్తిగా తిని, అన్నదమ్ములను దీవించి వెళ్ళిపోయారు.

సీజన్ మొదలయ్యాక లింగస్వామి జట్టు అట్టడుగున స్థిరపడింది. మోకాలు పోయినాయనను మార్చుకొమ్మని విజేందర్ ఎన్నోసార్లు బతిమాలినా అతను ఒప్పుకోలేదు. మంద మాత్రం కలిసే మేస్తోంది, సగం గొర్రెల వీపుల మీద జాజు ఇంకా పోలేదు.

వచ్చే సీజన్‌కు మంజులత మొగుడి నుంచి వేరు పడి సొంత జట్టు కట్టుకుంటుందట. నరసింహకు అప్పుడే కబురు పోయింది.