చిరునవ్వుతో గస్తీ

రాష్ట్రంలోనే మొట్టమొదటిసారిగా, బహుశా దేశంలోనే మొట్టమొదటిసారిగా, గస్తీ తిరిగే పోలీసులకు నవ్వడం నేర్పబోతున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. "దొంగను పట్టుకోవడం పాత పద్ధతి. ప్రజల మనసును పట్టుకోవడం కొత్త పద్ధతి" అని కూడా సెలవిచ్చారు. అలా పెనుకొండలో హైవే పక్క కల్యాణమండపంలో 'చిరునవ్వుతో గస్తీ' వృత్తి శిక్షణ మొదలైంది. హిందూపురం, ధర్మవరం, పెనుకొండల గస్తీ సిబ్బంది మొత్తం అక్కడే. వాళ్ళ బళ్ళన్నీ కడిగి, బంతిపూల దండలు వేసి, మండపం ముందు వరసగా నిలబెట్టారు. చివరిరోజు మంత్రిగారు జెండా ఊపేదాకా ఒక్క చక్రమూ కదలకూడదని ఆర్డరు. రోడ్ల మీద పోలీసన్నవాడు కనబడక, జనం కూడా హాయిగానే ఉన్నారు.

హెడ్ కానిస్టేబుల్ చెన్నకేశవులుకి ఈ శిక్షణ మీద అపారమైన గురి. ఆయన భార్య అరుణ ధర్మవరంలో టీచరు. ఆయనేమో ఏళ్ళ తరబడి పెనుకొండ అద్దెగదిలో చేయి కాల్చుకుంటున్నాడు. "చివరిరోజు డెమో మంత్రిగారికి నచ్చల్ల. నచ్చితే నీకు ధర్మవరం ట్రాన్స్‌ఫర్ అయినట్టేనప్పా" అని డీఎస్పీ గురుమూర్తి మాటిచ్చారు.

ఆ చివరిరోజు పొద్దున చెన్నకేశవులు గేటు దగ్గర ఉండగా, నీలం టార్పాలిన్ కప్పిన తెల్ల గూడ్స్ ఆటో వచ్చింది. మామూలు రోజైతే "ఏముందిరా లోపల?" అని లాఠీతో టార్పాలిన్ ఎత్తి చూసేవాడు. ఇప్పుడాయన శిక్షణ పొందిన మనిషి. పళ్ళన్నీ కనబడేట్టు నవ్వి, "శుభోదయం సార్. ప్రయాణం సుఖంగా సాగిందా?" అన్నాడు.

డ్రైవరు బెదిరిపోయాడు. "వంటలకి సార్" అన్నాడు.

చెన్నకేశవులు సెల్యూట్ కొట్టి ఆటోను లోపలికి పంపాడు. శిక్షణ ఇచ్చే నవీన మేడమ్ దూరంనుంచే బొటనవేలెత్తి మెచ్చుకుంది.

మంత్రిగారు వేదికెక్కారు. అంతలో, ఫిర్యాదు ఇచ్చే ఆడమనిషిగా నటించాల్సిన కానిస్టేబులమ్మకు జ్వరమని ఫోనొచ్చింది. ఆమె లేకపోతే చెన్నకేశవులు డెమో లేనట్టే, ట్రాన్స్‌ఫరూ లేనట్టే. సరిగ్గా అప్పుడే, వెతకబోయిన తీర్థం ఎదురైనట్టు, పక్క పల్లెనుంచి కుళ్ళాయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"టేషన్లో ఎవురూ లేరు సామీ, అందరూ ఈడే ఉండారంట. నా పొట్టేళ్ళు రెండూ ఎత్తకపోయినారు. తెల్ల ఆటో, పైన నీలం పట్ట. ఈ ఊర్లోకే వచ్చినాది, చూసినా. బిడ్డ కాన్పుకని సాకినా సామీ! అవి తప్ప ఇంగేమీ లేదు."

చెన్నకేశవులుకి పొద్దుటి ఆటో గుర్తొచ్చింది. తెల్ల ఆటోలు పెనుకొండలో ఎన్ని లేవు, అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మైకులో ఆయన పేరు పిలిచారు.

"రామ్మా, పెద్దోళ్ళంతా ఆడే ఉండారు. పైకొచ్చి చెప్పుకో" అని ఆమెను వేదిక మీదికి తీసుకుపోయాడు. అందులో అబద్ధమేమీ లేదు.

"నమస్కారం అమ్మా. కూర్చోండి. నీళ్ళు తాగండి."

"నీళ్ళెందుకు సామీ, బండి తీయండి!"

"మీ బాధను మేము అర్థం చేసుకోగలం."

"అర్థమైతే లెయ్యి సామీ!"

"మా సేవలకు మీరెన్ని నక్షత్రాలు ఇస్తారు?"

కుళ్ళాయమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఏం నటనప్పా! ఈమెను యాడ పట్టినారు?" అని అడిగారు.

"అంతా మన ట్రైనింగే సార్" అన్నారు డీఎస్పీ.

కుళ్ళాయమ్మకు శాలువా కప్పి, ఉత్తమ ఫిర్యాదుదారు అని జ్ఞాపిక ఇచ్చారు. ఆమె దాన్ని చంకలో పెట్టుకుని చెన్నకేశవులు వెంటబడింది. "ఇంగ పోదామా సామీ?"

"జెండా ఊపల్ల కదమ్మా. భోజనాలయినాంక ఊపుతారు."

"వాటి వీపు మీద నా అరిచెయ్యి పచ్చరంగుతో అద్దినా సామీ. యాడున్నా గుర్తుపడతా."

"దొరుకుతాయిలే. ముందు చేతులు కడుక్కోనొచ్చి అన్నం తిను."

కుళ్ళాయమ్మ నీళ్ళకోసం వంటశాల వెనక్కి వెళ్ళింది.

"మటన్ వెన్న మాదిరి ఉండాది. యాడిదప్పా?" అని మంత్రిగారు అడిగారు.

"లోకల్ సార్. పొద్దున్నే కోసినాం" అన్నాడు వంటల కాంట్రాక్టరు. డీఎస్పీ చెన్నకేశవులు పక్కకొచ్చి, "ట్రాన్స్‌ఫర్ ఆర్డరు సాయంత్రానికి వస్తాది" అని చెవిలో ఊదారు. చెన్నకేశవులుకి ఆ ముద్ద అమృతంలా దిగింది. ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాడు.

వెనకనుంచి పెద్ద కేక వినబడింది. కుళ్ళాయమ్మ రెండు పచ్చి తోళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి మంత్రిగారి ముందు పరిచింది. రెంటి మీదా ఆకుపచ్చ అరిచేయి అచ్చు. ఆమె తన చేతిని దాని మీద ఆనించింది. వేలికి వేలు సరిపోయింది.

"ఇదో సామీ! నా చెయ్యే! చూడండి సామీ!"

మంత్రిగారు తోళ్ళను చూశారు, ఆమెను చూశారు, తన ప్లేటును చూశారు. చెంచా పక్కనపెట్టి లేచారు.

"చూసినారా! డెమో అయిపోయినా ఇంగా పాత్రలోంచి బయటికి రాలేదు. అంకితభావమంటే ఇదీ!" అని చప్పట్లు మొదలుపెట్టారు. మూడు ఊళ్ళ సిబ్బందీ లేచి నిలబడి, చిరునవ్వుతో అందుకున్నారు.

చెన్నకేశవులు కూడా కొట్టాడు. కుడిచేతికి మసాలా అంటుకుని ఉండడంతో చప్పుడు సరిగా రాలేదు.